చిన్నచౌకు చికెన్ సెంటర్: ఎముకల చారు కాచుకునేవాళ్ళు వెళ్ళాల్సిన కొట్టు

కడపలో చికెన్ కొట్లు వీధికొకటి ఉన్నాయి. కూర కోసమైతే ఏ కొట్టులో తెచ్చినా మసాలా సర్దేస్తుంది. ఎముకలు, మెడలు, కాళ్ళు తెచ్చి చారు కాచాలంటే మాత్రం కొట్టు ఏదన్నది చాలా ముఖ్యం. అందులో మసాలా ఉండదు, కారం ఉండదు. కోడిని ఎప్పుడు కోశారు, ఎముకను ఎట్లా నరికారు, ఎంతసేపు బయట పెట్టారు అన్నదంతా గ్లాసులో పోసుకుంటే తెలిసిపోతుంది. చిన్నచౌకులో మేము వెళ్ళే కొట్టు ఈ పనికి చాలా మంచిది. బోర్డు మీద వేరే పేరేమీ లేదు, చికెన్ సెంటర్ అని మాత్రమే ఉంటుంది. చిన్న గది, ముందు రేకుల పందిరి, పక్కన కోళ్ళ గంపలు.

మా ఇంట్లో ఈ చారు మొదలైంది మా అత్తమ్మ కోసం. ఆమె పళ్ళు తీయించుకుని కొత్తవి కట్టించుకుంటున్నారు, ముక్క నమలలేరు. దానికి తోడు బీపీ. ఉప్పు తగ్గించమని డాక్టర్ గట్టిగా చెప్పారు. అంగట్లో దొరికే సూప్ క్యూబుల ప్యాకెట్టు వెనక చదివితే పదార్థాల వరుసలో ఉప్పే మొదట కనిపిస్తుంది. అందుకే ఇంట్లో కాచడమే మేలనుకున్నాము. ఇంట్లో కాస్తే ఉప్పు మన చేతిలో ఉంటుంది. చారంతా ఉప్పు లేకుండానే కాచి, ఎవరి గ్లాసులో వాళ్ళు వేసుకుంటాము.

ఈ కొట్టు నాకు నచ్చడానికి మొదటి కారణం కొట్టు నడిపే భాయ్ అడిగే ఒక్క మాట. కోడిని తూకం వేసి బోన్‌లెస్ కొట్టమంటే, కొట్టడం మొదలుపెట్టకముందే, “ఎముకలు ఏసియ్యాల్నా అక్కా?” అని అడుగుతాడు. చాలా చోట్ల ఈ మాట అడగరు. మొత్తం కోడికి డబ్బు తీసుకుంటారు, కండ మన కవర్‌లో వేస్తారు, వెన్నుముక్క, మెడ, రెక్కల కొసలు కింద ఉన్న బకెట్‌లోకి పోతాయి. మనం డబ్బిచ్చిన బరువులో అవి కూడా ఉన్నాయి కదా. ఒక కొట్టులో నేను అడిగితే, కుక్కలకా అని అడిగి నవ్వారు. మనిషి తినే తిండి అది. నాకు చాలా బాధనిపించింది, మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు. ఈ భాయ్ మాత్రం ఎముకలు విడిగా కొనడానికి వచ్చినవాళ్ళను కూడా కిలో చికెన్ కొన్నవాళ్ళలాగే చూస్తాడు, వరుసలోనే నిలబెడతాడు, పక్కకు జరగమనడు.

రెండో కారణం కోత. కొన్ని కొట్లలో మొద్దు మీద పెట్టి పెద్ద కత్తితో దబదబా నరికేస్తారు. ఎముక పగిలి పేళ్ళు పేళ్ళుగా లేస్తుంది. కూరలో అయితే ఏరి పక్కన పెడతాము. చారులో ఆ పేళ్ళు అడుగున చేరి, వడకట్టేటప్పుడు జల్లెడలోంచి కూడా జారిపోతాయి. పెద్దవాళ్ళ గొంతులో గుచ్చుకుంటే ఎంత టెన్షన్! ఇక్కడ కీళ్ళ దగ్గర చిన్న కత్తి ఆనించి విడదీస్తాడు. వెన్నును మాత్రం కత్తెరతో రెండు మూడు ముక్కలు చేస్తాడు. ముక్క అంచు నున్నగా ఉంటుంది. అయినా నేను పలచటి గుడ్డలోనే వడకడతాను, అది వేరే సంగతి.

వెళ్ళే వేళ కూడా చూసుకోవాలి. సాయంత్రం చికెన్ పకోడీ, చికెన్ 65 అమ్మే బండ్లవాళ్ళు ఈ కొట్టులోనే బోన్‌లెస్ తీసుకుంటారు. వాళ్ళ కోసం కొట్టేది మధ్యాహ్నం పన్నెండు తర్వాత. ఆ వేళకు వెళితే అప్పుడే విడదీసిన ఎముకలు కళ్ళముందే దొరుకుతాయి. రాత్రి ఎనిమిదికి వెళితే పొద్దుటి నుంచి ఉన్నవి కూడా కలిసి ఉండొచ్చు, కడప ఎండల్లో అది మంచిది కాదు. ఆదివారం పొద్దున అసలు వద్దు. జనం రోడ్డు దాకా ఉంటారు, కాళ్ళు శుభ్రం చేసే తీరిక ఆ రోజు భాయ్‌కి ఉండదు. మన వైపు శనివారం నీచు ముట్టనివాళ్ళు ఎక్కువ కాబట్టి ఆ రోజు కొట్టు ఖాళీగా ఉంటుంది. మీకు పట్టింపు లేకపోతే శనివారం మధ్యాహ్నం వెళ్ళండి, నిదానంగా అడిగినట్టు కొట్టిస్తాడు.

కాళ్ళ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. చారు ఫ్రిజ్‌లో పెట్టాక జెల్లీలా గట్టిపడిందంటే అది కాళ్ళ చలవే. కోడి కాళ్ళలో కండ దాదాపు ఉండదు, ఉన్నదంతా తోలు, నరం, మెత్తటి ఎముక. వాటిలోని కొల్లాజెన్ వేడినీళ్ళలో నిదానంగా కరిగి జెలటిన్ అవుతుంది, చారుకు చిక్కదనం ఇచ్చేది అదే. భాయ్ కాళ్ళను వేడినీళ్ళలో ముంచి, పైన ఉండే పసుపు పొర ఒలిచి, గోళ్ళు కొట్టేసి ఇస్తాడు. “తోలు తీసియ్యాల్నా, అట్లే ఇయ్యాల్నా?” అని అడిగినప్పుడు తీసియ్యమనే చెప్పండి, అతను తోలు అనేది ఆ పసుపు పొరనే. తీసినందుకు వేరే డబ్బు అడగడు, తూకం కూడా శుభ్రం చేశాకే. నేను ఇది రాసే రోజుకు కాళ్ళు కిలో 80 రూపాయలు, ఎముకలు 50.

ఇంకో మాట. లేయర్ కోడి వచ్చిన రోజు దాని ఎముకలే అడగండి. బాయిలర్ కోడి ఆరు వారాలకే అంగడికి వస్తుంది, ఎముక లేతగా ఉంటుంది. లేయర్ అంటే గుడ్ల కోసం పెంచి, వయసు దాటాక అమ్మేది, ఏడాదిన్నర పైబడి ఉంటుంది. కూరకు దాని ముక్క గట్టిగా ఉందని చాలామంది వద్దంటారు. చారుకు మాత్రం దాని రుచి వేరు, నాటుకోడికి దగ్గరగా వస్తుంది.

ఇక లోపాలు. ఎముకల రేటు బోర్డు మీద రాయడు, అడిగి తెలుసుకోవాలి. పల్చటి నల్ల కవర్‌లో వేస్తాడు, అది చిరిగి నీళ్ళు కారుతుంది. నేను స్టీలు డబ్బా తీసుకుపోతాను, డబ్బా బరువు తీసేసి తూకం వేయడానికి విసుక్కోడు. అన్నిటికంటే పెద్ద లోపం వెన్నుముక్క లోపలి భాగం. వెన్ను పొడుగునా గుంటల్లో ముదురు ఎరుపు మెత్తటి ముక్కలు అతుక్కుని ఉంటాయి. అవి మూత్రపిండాలు. వాటితో పాటు ఊపిరితిత్తుల తునకలు కూడా మిగిలిపోతాయి. వాటిని తీయకుండా కాస్తే చారు నల్లబడి చేదు దిగుతుంది. భాయ్ వాటిని గీకి ఇవ్వడు, ఎంత చెప్పినా అదొక్కటి అలవాటు కాలేదు. ఇంటికి తెచ్చాక చెంచా కొసతో మీరే గీకేయాలి. లివర్ కూడా ఎముకల్లో కలవకుండా విడిగా ఇమ్మనండి, అది వేయించుకోవడానికే బాగుంటుంది.

నేను కాచే తీరు చెబుతాను, కొట్టు ఎందుకు ముఖ్యమో దీంతో ఇంకా బాగా అర్థమవుతుంది. కిలో ఎముకలకు అరకిలో కాళ్ళు. ముందు చన్నీళ్ళు పోసి ఒక పొంగు రానిస్తాను. బూడిదరంగు నురుగు పైకి తేలుతుంది. ఆ నీళ్ళు పారబోసి ఎముకలు కడిగేస్తాను. సరుకు తాజాదైతే ఈ నురుగు తక్కువ, వాసన ఉండదు. ఈ కొట్టు సరుకుకు నాకు అదే గుర్తు. తర్వాత కుక్కర్‌లో వేసి రెండున్నర లీటర్ల నీళ్ళు పోస్తాను. మాది పెద్ద స్టీలు కుక్కర్. ఎముకలు, నీళ్ళు కలిపి మూడింట రెండు వంతులు దాటకూడదు. ఒక విజిల్ రాగానే మంట బాగా తగ్గించి నలభై ఐదు నిమిషాలు ఉంచుతాను. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి మామూలు గిన్నెలో మూడు నాలుగు గంటలు పట్టే పని ఈ కాసేపట్లో అయిపోతుంది. ఆవిరి దానంతటదే దిగేదాకా మూత జోలికి వెళ్ళను. విజిల్ ఎత్తేస్తే లోపల ఒక్కసారిగా తెర్లి, కొవ్వు నీళ్ళలో కలిసిపోయి చారు తెల్లగా మడ్డిలా అవుతుంది.

కూరగాయల తుక్కు వేసేది మూత తీశాకే. వారమంతా వంటలో మిగిలినవి ఫ్రీజర్‌లో ఒక డబ్బాలో వేస్తూ ఉంటాను: ఉల్లిపాయ తొక్కలు, కొత్తిమీర కాడలు, క్యారెట్ చివర్లు, అల్లం చెక్కు, బీన్స్ తొడిమలు, కరివేపాకు ఈనెలు, మెత్తబడిన టమాటా. అన్నీ బాగా కడిగినవే. అల్లం చెక్కులో మన్ను ఉంటుంది, రెండుసార్లు కడగాలి. ఉల్లి తొక్క వల్లే చారుకు ఆ బంగారు రంగు వస్తుంది. ఇవన్నీ వేసి, పది మిరియాలు, చిటికెడు మైదుకూరు పసుపు వేసి, మూత లేకుండా సన్నసెగ మీద అరగంట. క్యాబేజీ, కాలీఫ్లవర్ కాడలు వేయొద్దు, ఇల్లంతా గంధకం వాసన కొడుతుంది. బీట్‌రూట్ రంగు పాడు చేస్తుంది, వంకాయ తొడిమ చేదు, ఆలుగడ్డ చెక్కు గంజిలా చేస్తుంది. కుళ్ళినది ఏదైనా సరే చెత్తబుట్టకే. చారు కాస్తున్నామని కుళ్ళు ముక్కలు వాడడం తప్పు.

వడకట్టాక చల్లార్చడం మన ఊళ్ళో పెద్ద పని. మే నెలలో కడపలో 42, 43 డిగ్రీలు మామూలే. ఆ వేడిలో చారు గిన్నెను గట్టు మీద గంటకు మించి వదిలేయకూడదు. వెడల్పు బేసిన్‌లో చన్నీళ్ళు పోసి గిన్నెను అందులో దించి, నీళ్ళు మారుస్తూ కలిపితే తొందరగా చల్లబడుతుంది. ఆ తర్వాత ఫ్రిజ్. మూడు రోజుల్లో వాడేస్తాము. మిగిలింది ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టిస్తే రెండు నెలలు నిలుస్తుంది. పైన పేరుకున్న కొవ్వు పొర తీసి పెట్టుకుంటే పలావు తాలింపుకు పనికొస్తుంది.

మా అత్తమ్మ రాగిసంగటి ముద్దను చిన్న చిన్నవి చేసి ఈ చారులో ముంచుకుని తింటారు. మా పాపకు ఇదే చారులో మిరియాలు దంచి వేసి రసం పెడతాను. బగారా అన్నానికి నీళ్ళ బదులు పోస్తే ఆ రోజు వేరే కూర అడిగేవాళ్ళు ఉండరు. దీంతో మోకాళ్ళ నొప్పులు పోతాయని, ఎముకలు గట్టిపడతాయని ఎవరైనా చెబితే నమ్మి మందులు మానకండి. ఎముకల్లోని కాల్షియం చారులోకి దిగేది చాలా తక్కువ. ఇది మంచి రుచి ఉన్న తేలిక తిండి. నమలలేని మనిషి కడుపు నిండా తృప్తిగా తాగుతారు. నాకు అది చాలు.

వెళ్ళేవాళ్ళు డబ్బా తీసుకెళ్ళండి, మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య వెళ్ళండి. ఫోన్‌పే ఉంది. సందులో కారు పట్టదు, బండి మీద పోతే మేలు. “చారుకు ఎముకలు, లేయర్‌వి ఉంటే లేయర్‌వి, కాళ్ళు తోలు తీసి” అని చెబితే చాలు, మిగతాది భాయ్ చూసుకుంటాడు. వెన్ను లోపలి ఎర్ర ముక్కలు గీకిమ్మని మీరు కూడా ఒక మాట అడగండి. నలుగురు అడిగితే అది కూడా చేసి పెడతాడని నా నమ్మకం.