హాల్లో 65 అంగుళాల టీవీని గోడలో కలిపేశాం: నాలుగేళ్ల తర్వాత ఏది నిలిచింది, ఏది పీకేశాం

మా తాతగారింట్లో ఈసీ టీవీ ఉండేది. మన హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్లది. చెక్క పెట్టె, ముందు రెండు పక్కలకీ జరిగే షట్టరు. రాత్రి వార్తలు అయిపోగానే షట్టరు మూసేసి, దాని మీద అమ్మమ్మ అల్లిన గుడ్డ పరిచేవారు. ఇక తెల్లారేదాకా అది టీవీ కాదు, ఇంట్లో ఉన్న మిగతా చెక్క సామానులాగే ఒక సామాను. 2021 దసరాకి మా నార్సింగి ఫ్లాట్‌లో 65 అంగుళాల టీవీ గోడకి బిగించి, అందరం కూర్చుని ఓ సినిమా చూసి, ఆపేసిన క్షణం నాకు ఆ షట్టరే గుర్తొచ్చింది. తెల్ల గోడ మీద నాలుగడుగుల తొమ్మిదంగుళాల వెడల్పు, రెండడుగుల ఎనిమిదంగుళాల ఎత్తుతో ఒక నల్లటి పలక. అంత ఇష్టపడి కొనుక్కున్న సోఫా, కర్టెన్లు ఏవీ కంటికి ఆనలేదు.

అప్పటి నుంచి ఈ నాలుగేళ్లలో ఆ గోడ మీద చేయని ప్రయోగం లేదు. కొన్ని రెండు నెలల్లోనే తీసేశాం, కొన్నింటికి డబ్బు వృథా అయింది, కొన్ని మాత్రం ఇప్పటికీ చూసినప్పుడల్లా సంతోషాన్నిస్తున్నాయి. కొత్త ఇంట్లో చేరుతున్నవాళ్లు మా ఇంటికి వచ్చి ఇదే అడుగుతుంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ పని చేసింది గోడ రంగు. ముప్పావు వంతు ఫలితం దానితోనే వచ్చింది. టీవీ ఆపేస్తే నల్లగానే ఉంటుంది, దాన్ని మనం మార్చలేం, కానీ దాని పక్కన ఏముందో అది మన చేతిలో ఉంది. తెల్ల గోడ మీద నలుపు కొట్టొచ్చినట్టు కనపడుతుంది, ముదురు గోడ మీద అదే నలుపు వెనక్కి తగ్గుతుంది. నేను మొదట బొగ్గు రంగు వేయిద్దామన్నాను. మా అత్తయ్యగారు మాత్రం "పండగా పబ్బం జరిగే హాల్లో నల్ల గోడేంటమ్మా, వద్దు" అన్నారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది. నాలుగైదు శాంపిల్ డబ్బాలు తెచ్చి రెండేసి అడుగుల పట్టీలు గోడ మీద వేసి, పగలూ రాత్రీ వారం పాటు ఇద్దరం కలిసి చూశాం. చివరికి ముదురాకుపచ్చ దగ్గర ఒప్పందం కుదిరింది, బాగా ముదిరిన గోంగూర ఆకుకన్నా ఇంకాస్త నలుపు తిరిగిన పచ్చ. పగలు చూస్తే ఆకుపచ్చే, రాత్రి దీపాల వెలుగులో టీవీకీ గోడకీ తేడా సగం మాయమైపోతుంది. ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్లకి ఆ గోడని ముందుగా చూపించేది ఆవిడే.

ఒక్క జాగ్రత్త చెప్తాను: మెరిసే పెయింట్ వేయించకండి. మా పెయింటరు ఆ గోడ ఒక్కదానికి మెరుపుంటే బాగుంటుందని పట్టుబట్టాడు. మెరుపున్న గోడ మీద దీపాల ప్రతిబింబాలు పడతాయి, టీవీ అద్దం మీదా పడతాయి, రెండూ కలిసి ఇంకా గందరగోళం. మ్యాట్ వేయించండి. మ్యాట్ మీద చేతి గుర్తులు పడతాయన్నది నిజమే, కానీ టీవీ గోడని ఎవరు ముట్టుకుంటారు?

ఇక వైర్లు. మాది మైవాన్ కట్టడం, అంటే అల్యూమినియం ఫ్రేముల్లో గోడలు కూడా కాంక్రీటుతోనే పోసేస్తారు, ఇటుక ఉండదు. హైదరాబాద్‌లో ఈ మధ్య కట్టిన పెద్ద అపార్ట్‌మెంట్లు చాలావరకు ఇవే. అలాంటి గోడలో గాడి కొట్టి పైపు పెట్టడం కుదరదు, కొట్టనివ్వరు కూడా, అది భవనం బరువు మోసే గోడ. బిల్డరు ఇచ్చిన టీవీ పాయింటేమో నాలుగడుగుల ఎత్తులో, గోడకి ఓ పక్కగా ఉంది. కాబట్టి గోడకి రెండంగుళాల ముందుకు చెక్క ఫ్రేము కొట్టి, దాని మీద ప్లైవుడ్ పలకలు వేసి, ఆ సందులోంచి వైర్లన్నీ కిందికి దించాం. కరెంటు వైరుకి ఒక పైపు, టీవీకి బొమ్మా శబ్దమూ తెచ్చే హెచ్‌డీఎంఐ కేబుళ్లకి ఇంకోటి. ఈ రెండో పైపు రెండంగుళాలది వేయించండి. మా ఎలక్ట్రీషియన్ మామూలుగా వేసే ముప్పావు అంగుళం పైపు వేశాడు, హెచ్‌డీఎంఐ తల అందులో దూరలేదు. పలక విప్పి మళ్లీ వేయాల్సి వచ్చింది, రెండు రోజుల కూలీ పోయింది. ఈ కేబుల్ మూడు మీటర్లు దాటకుండా చూసుకుంటే మంచిది, పొడవు పెరిగేకొద్దీ 4కే బొమ్మ మధ్యమధ్యలో ఆగిపోయే ఇబ్బంది వస్తుంది. పైపులో ఒక నైలాన్ తాడు కూడా వదిలేయండి. రేపు కొత్త కేబుల్ లాగాలంటే ఆ తాడే దిక్కు.

టీవీ బ్రాకెట్ మాత్రం ప్లైవుడ్‌కి బిగించనివ్వకండి. పాతిక కిలోల దాకా ఉండే వస్తువది. పలకలోంచి దాటి వెనక కాంక్రీటులోకి యాంకర్ బోల్టులు దింపించాలి, మధ్యలో సందు ఉంటుంది కాబట్టి అక్కడ గట్టి చెక్క దిమ్మ పెట్టించాలి. మా కార్పెంటరు స్క్రూలతో సరిపెడతానంటే మా ఆయన ఒప్పుకోలేదు, దగ్గర నిలబడి మరీ బోల్టులు వేయించారు.

ప్యానెల్ విషయంలో నేను చేసిన పెద్ద పొరపాటు గాడుల పలక. ఇప్పుడు ఎక్కడ చూసినా అదే కదా, నిలువు పట్టీలతో ఉండేది. ఫోటోల్లో చాలా బాగుంటుంది, మొదటి నెల మా ఇంట్లోనూ బాగుంది. కానీ మా చుట్టూ ఇంకా కట్టడాలు నడుస్తున్నాయి, దుమ్ము ఎంత పడుతుందంటే పొద్దున తుడిస్తే సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ గాడుల్లో ఒక్కోదాన్నీ బ్రష్షుతో తుడవడం మా పనమ్మాయి వల్ల కాలేదు, నా వల్లా కాలేదు. పైగా అన్ని గీతల మధ్య నున్నటి నల్ల టీవీ ఇంకా కొట్టొచ్చినట్టు కనపడింది, కళ్లు నేరుగా అక్కడికే పోయేవి. ఏడాదిన్నరకి పీకించేసి నున్నటి పలకలు వేయించి గోడ రంగే వాటికీ వేశాం.

కార్పెంటర్లు ఇంకో మాట చెప్తారు, టీవీ సరిగ్గా పట్టేలా గూడు చేసి అందులో దింపేస్తే గోడతో సమానంగా ఉంటుందని. చూడ్డానికి అందం, కాదనను. మా పక్క ఫ్లాట్‌వాళ్లు అలాగే చేయించారు. మూడో ఏడు టీవీ పాడైంది, కొత్తది అదే 65 అయినా అంచుల కొలత ఓ సెంటీమీటరు తేడా, గూట్లోకి పోలేదు. వేడి పోవడానికి కూడా చుట్టూ నాలుగంగుళాలైనా గాలి ఆడాలి. మేము గూడు జోలికి పోలేదు, అందుకు ఈరోజుకీ సంతోషిస్తున్నాను.

ఎత్తు గురించి తప్పకుండా చెప్పాలి. బిగించేవాళ్లు నిలబడి చూసి గీత గీస్తారు, మనం చూసేది కూర్చుని. సోఫాలో కూర్చుంటే మన కళ్లు నేల నుంచి సుమారు 40 అంగుళాల ఎత్తులో ఉంటాయి. తెర మధ్య భాగం అక్కడికి రావాలి, అంటే 65 అంగుళాల టీవీ కింది అంచు 24 అంగుళాల దగ్గర ఉండాలి. "అంత కిందికా మేడమ్, ఎవరూ పెట్టించుకోరు" అన్నారు. పెట్టించుకున్నాం. మెడనొప్పి లేకపోవడం ఒకటైతే, టీవీ కింద ఉన్న 16 అంగుళాల ఎత్తు బల్ల, టీవీ రెండూ దగ్గరై ఒకే సామానులా కనిపిస్తాయి. పైన గోడంతా ఖాళీగా ఊపిరి పీల్చుకుంటుంది. గోడ మధ్యలో ఒంటరిగా వేలాడే టీవీని ఎన్ని చేసినా దాచలేం.

సోఫా తొమ్మిదడుగుల దూరంలో ఉంది, 65కి అది సరిపోయింది. 75 తీసుకోమని చాలామంది అన్నారు. మా గోడ పదకొండు అడుగులే, అందులో ఐదున్నర అడుగులు టీవీకే పోతే ఇంక కలపడానికి గోడెక్కడ మిగులుతుంది?

తాతగారి షట్టరు కోరిక కూడా తీర్చుకుందామని లెక్క వేశాను. టీవీ వెడల్పు 57 అంగుళాలు, రెండు తలుపులు చెరో 29, అవి పక్కకి జరిగి నిలబడాలంటే మొత్తం తొమ్మిదిన్నర అడుగులు కావాలి. బాల్కనీ తలుపు దగ్గర స్విచ్ బోర్డు మూసుకుపోతుంది. పైగా రోజూ తెరిచి మూసేది ఎవరు, వారం తర్వాత తెరిచే వదిలేస్తాం. ఆ ఆలోచన మానేశాను కానీ, గోడ వెడల్పుగా ఉన్నవాళ్లు చేయించుకుంటే నాకు చాలా ఇష్టం.

షట్టరు బదులు మేము పెట్టింది కలంకారీ. శ్రీకాళహస్తిలో కలంతో వేసినవి రెండు కొని ఫ్రేము కట్టించి టీవీకి ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి పెట్టాం. ఎందుకు కలంకారీయే అంటే దాంట్లో గీతలన్నీ నలుపు, బెల్లం, ఇనుప ముక్కలు నీళ్లలో పులియబెట్టి తీసే నలుపు అది. గోడ మీద నలుపు ఒక్క టీవీ దగ్గరే ఉంటే అది మచ్చ, అదే నలుపు పక్కన పటాల్లోనూ, కుడి పక్క నల్ల దీపస్తంభంలోనూ ఉంటే కన్ను మూడింటినీ కలిపి చూస్తుంది. ఇది నేను ఎక్కడా చదవలేదు, పటాలు అటూ ఇటూ మార్చి మార్చి చూస్తే తెలిసింది. ఎండ నేరుగా తగిలితే ఆ సహజ రంగులు వెలిసిపోతాయి, అందుకే కిటికీ వైపు పెట్టలేదు. దీపస్తంభం పక్కన మా అమ్మ ఇచ్చిన కొండపల్లి అంబారీ ఏనుగు. ఇంటికొచ్చిన పిల్లలు ముందు దాని దగ్గరికే పోతారు, టీవీ అడిగేది ఆ తర్వాతే.

టీవీ తెర మీదే పెయింటింగులు పెట్టే పద్ధతి కూడా ప్రయత్నించాం. మా టీవీ మామూలు ఎల్ఈడీ, తెర మెరుస్తుంది. పగలు కిటికీ నీడ, రాత్రి వెలుగుతున్న సైన్‌బోర్డులా బొమ్మ. పైగా వంద వాట్లు కాలుతుంటుంది, రోజుకి ఎనిమిది గంటలు వదిలేస్తే నెలకి 24 యూనిట్లు. మానేశాం. దీనికోసమే తయారైన టీవీలు వేరే ఉన్నాయి, శాంసంగ్ 2017లో తెచ్చిన ది ఫ్రేమ్ లాంటివి. దాని రూపకల్పన ఈవ్ బెహార్ అనే డిజైనర్‌ది, 2022 మోడల్ నుంచి నీడలు పడని మ్యాట్ తెర ఇస్తున్నారు. మా ఆడపడుచు ఇంట్లో అది ఉంది, గదిలో వెలుతురును బట్టి బొమ్మ కాంతి తగ్గించుకుంటుంది, నాలుగడుగుల దూరం నుంచి కూడా కాగితం మీద బొమ్మేమో అనుకుంటాం. కొత్తగా కొనేవాళ్లు అది తప్పకుండా చూడండి. కానీ ఉన్న టీవీ బాగుండగా మార్చాల్సిన అవసరం లేదని మా నిర్ణయం.

టీవీ వెనక ఎల్ఈడీ పట్టీ మీద రెండు మాటలు. రంగులు మారేది మొదట పెట్టాం, పిల్లలకి సరదా, నాలుగు రోజుల్లో నాకు తలనొప్పి. ఇప్పుడు 6500 కెల్విన్ తెలుపు, అంటే పగటి వెలుతురు లాంటి తెలుపు, చాలా తక్కువ కాంతిలో, చీకట్లో సినిమా చూసేటప్పుడు మాత్రమే. కంటికి నిజంగా హాయి. కానీ టీవీ ఆపేసి ఆ పట్టీ వెలిగిస్తే నల్ల పలక చుట్టూ ప్రభ పెట్టినట్టు ఉంటుంది, మనం దాచాలనుకున్నదాన్నే ఎత్తి చూపిస్తుంది.

కింద బల్లలో సెట్‌టాప్ బాక్సు, వైఫై రౌటరు, సౌండ్‌బార్ పెట్టి చెక్క తలుపులు వేయించడం రెండో పొరపాటు. రిమోట్ పనిచేయదు, మాటలు గొంతు నొక్కినట్టు వినపడేవి, లోపల వేడి. తలుపుల మధ్య చెక్క కోయించి పల్చటి మంగళగిరి నూలు బట్ట బిగించాం. బట్టని నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి, అలా పోతే శబ్దమూ పోతుంది. రిమోట్ సిగ్నల్ కూడా దాంట్లోంచి బాగానే వెళ్తోంది. ఏడాదికోసారి విప్పి ఉతుక్కోవచ్చు. మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ తలుపులే.

పలకల వెనక సందులో బల్లులు చేరతాయి, ముందే చెప్తున్నా. అడుగున ఒక పలక స్క్రూలతో విప్పేలా పెట్టించుకోండి, పైపుల నోళ్లు ఉబ్బి గట్టిపడే ఫోమ్‌తో మూయించండి. చెదలు మందు కొట్టించకుండా ఫ్రేము మూయనివ్వద్దు.

ఖర్చు అంతా కలిపి మాకు 78 వేలు అయింది, అందులో పీకేసిన గాడుల పలకవే 22 వేలు. రంగు, ఎత్తు, బట్ట తలుపులు, పటాలతో మొదలుపెట్టి ఉంటే సగంలో అయిపోయేది.

ఇప్పటికీ తీరని ఇబ్బంది ఒకటి ఉంది. సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర వరకు బాల్కనీ ఎండ నేరుగా తెర మీద పడుతుంది, ఆ గంటన్నర గోడ రంగూ పటాలూ ఏమీ చేయలేవు, అద్దంలో మా బాల్కనీ గ్రిల్ మొత్తం కనపడుతుంది. పల్చటి కర్టెన్ వెనక ఇంకో పొర వేయించడానికి కొలతలు ఇచ్చి వచ్చాం, సంక్రాంతి లోపు కుట్టి ఇస్తామన్నారు.