వాకీటాకీకి 5 వాట్లా, 1 వాటా: ఏది మేలు?

చేతి రేడియో కొత్తగా కొన్నవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: పవర్‌ను 5 వాట్ల మీద పెట్టి వదిలేయాలా, 1 వాట్‌కు తగ్గించి వాడుకోవాలా? డబ్బు పోసి కొన్న శక్తిని వాడకుండా అట్టిపెట్టుకోవడం దేనికన్న అనుమానం సహజమే. చాలాకాలం నేనూ అదే లెక్కన హై పవర్ మీదనే నడిపాను.

హై పవర్ పక్షాన చెప్పవలసింది ఉంది. 1 వాట్ నుంచి 5 వాట్లకు వెళితే సిగ్నల్ 7 డెసిబెల్స్ (శక్తి ఎన్ని రెట్లు మారిందో చెప్పే కొలత) పెరుగుతుంది. ఎఫ్ఎంలో గరగరకూ స్పష్టమైన మాటకూ మధ్య గీత చాలా సన్నం కనుక, ఆ అంచున ఉన్న సంభాషణను ఈ 7 డెసిబెల్స్ గట్టెక్కిస్తాయి. దూరపు రిపీటర్ (మన సిగ్నల్‌ను అందుకుని మళ్ళీ ప్రసారం చేసే స్టేషన్) విషయంలో ఇది మరీ నిజం. రిపీటర్ మనకంటే చాలా ఎక్కువ పవర్‌తో పంపుతుంది కాబట్టి, అది మనకు చక్కగా వినబడినంత మాత్రాన మనం దానికి వినబడుతున్నట్టు కాదు. అయితే 1 వాట్‌తోనే రిపీటర్‌కు శుభ్రంగా అందుతున్నప్పుడు 5 వాట్లు పెట్టినందువల్ల వినేవారికి ఒరిగేదేమీ లేదు, వారికి చేరేది రిపీటర్ పవరే గనుక.

దూరం లెక్క వేరు. శక్తి 5 రెట్లయితే దూరం 5 రెట్లు కాదు: ఏ అడ్డూ లేనిచోట రెండు రెట్లకు కాస్త పైన, నేల మీద నిలబడ్డ ఇద్దరి మధ్య సుమారు ఒకటిన్నర రెట్లు. పైగా ఈ చేతి రేడియోలు వాడే వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ తరంగాలు భూమి వంపును అనుసరించి ఎంతో దూరం పోలేవు. ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న ఏంటెన్నాకు రేడియో దిగంతం, అంటే భూమి వంపు అడ్డురాకుండా తరంగాలు చేరే హద్దు, దాదాపు 5 కిలోమీటర్లు. అదే ఏంటెన్నా 10 మీటర్ల ఎత్తుకు చేరితే 13. మేడ మెట్లు ఎక్కితే దక్కేది మీట నొక్కితే దక్కదు.

నా దృష్టిలో అసలు విషయం తేల్చేది మనం నిలబడ్డ చోటు. ఒకసారి నేనూ ఒక మిత్రుడూ పెద్ద భవనానికి చెరోవైపు నిలబడి యూహెచ్ఎఫ్‌లో 1 వాట్‌తో మాట్లాడుకుంటున్నాం. ఉన్నట్టుండి నా మాట తెగిపోయింది. "ఏమీ వినబడటం లేదు, పవర్ పెంచు" అన్నాడు. పెంచకుండా అర అడుగు ఎడమకు జరిగి మళ్ళీ పిలిచాను. పక్కనే నిలబడి మాట్లాడినట్టుందన్నాడు. 435 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 70 సెంటీమీటర్లకు కాస్త లోపు. గోడలకు తగిలి వేర్వేరు దారుల్లో వచ్చే తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకునే గుంటలు జానెడు, మూరెడు దూరంలోనే ఏర్పడతాయి. అటువంటి గుంటలో సిగ్నల్ 20 డెసిబెల్స్, అంటే నూరు రెట్లు, పడిపోవడం వింతేమీ కాదు. దాన్ని 7 డెసిబెల్స్‌తో పూడ్చబూనడం కంటే పక్కకు జరగడం సులువు. అలాగే రేడియోను నడుముకు తగిలించి వేరే మైకుతో మాట్లాడేవారు, ఒళ్ళు మింగేసే శక్తిని వాట్లతో భర్తీ చేయాలని చూస్తారు. చేత పట్టుకుని ఏంటెన్నాను నిటారుగా నిలిపితే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది.

బ్యాటరీ సంగతిలో లో పవర్‌దే పైచేయి. కానీ చాలామంది అనుకున్నంత కాదు. పవర్ తగ్గించినప్పుడు ట్రాన్స్‌మిటర్ సామర్థ్యం కూడా తగ్గుతుంది కనుక, అయిదో వంతు పవర్‌కు కరెంటు అయిదో వంతుకు దిగదు. ఎక్కువ సేపు మాట్లాడేవారికి తేడా బాగా కనబడుతుంది, వారి చేతిలో సెట్టు వేడెక్కడమూ తగ్గుతుంది. రోజంతా వింటూ అప్పుడొక మాట, ఇప్పుడొక మాట అనేవారికి అంతగా తెలియదు. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఉంటే మాత్రం లో పవరే పెట్టాలి, ఒకరి 5 వాట్లు రెండోవారి రిసీవర్‌ను ఉక్కిరిబిక్కిరి చేసి దూరపు స్టేషన్‌ను వినబడనీయవు.

కొన్ని సెట్లలో మీడియం అని మరొకటి ఉంటుంది. ఉన్నా లేకున్నా ఒకటే.

చాలా సెట్లు ఛానెల్‌తో పాటు పవర్‌ను కూడా మెమరీలో దాచుకుంటాయి. అందుకని నేను దూరపు రిపీటర్ ఛానెల్‌ను హైలో, తక్కినవన్నీ లోలో భద్రపరచుకున్నాను. తోటివారు గరగర అన్నప్పుడు ముందు కాళ్ళు కదులుతాయి, మీట మీదికి వేలు ఆ తరువాతే వెళుతుంది.