ఆత్రేయపురం పూతరేకు: చుట్టిన పూటే తినాల్సిన మిఠాయి

ముందే తీర్పు చెప్పేస్తాం. దుకాణం ముందు కూర్చుని కళ్లెదుట చుట్టించుకున్న పంచదార పూతరేకుకు పదికి పది మార్కులు. అదే పూతరేకు వారం రోజులు ఫ్రిజ్‌లో ఉండి వస్తే ఐదు ఇవ్వడానికి కూడా చెయ్యి రాదు. బియ్యం అవే, నెయ్యి అదే, చుట్టిన చెయ్యీ అదే. తేడా అంతా తినడానికి మనం పెట్టుకున్న వాయిదాలో ఉంది.

రేకు ఎలా పుడుతుందో చూస్తే కారణం అర్థమవుతుంది. జయ రకం బియ్యం నానబెట్టి, పలుకు లేకుండా రుబ్బి, నీళ్లు పోసి పాలంత పలచన చేస్తారు. ఇందుకోసమే చేయించిన కుండను పొయ్యిమీద బోర్లించి, పక్కనుంచి ఎండు కొబ్బరాకులు తోస్తూ మంట పెడతారు. ఆకుల మంట చెప్పినట్టు వింటుంది. రెండాకులు తోస్తే లేస్తుంది, ఆపితే వెంటనే తగ్గుతుంది. పల్చటి గుడ్డను పిండిలో ముంచి, రెండు చేతులా కొసలు పట్టుకుని, కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. గుడ్డ ఇవతలికి వచ్చేసరికే రేకు ఆరిపోయి అంచు లేస్తుంది. ఆ అంచు వేళ్లతో పట్టి, చిరగకుండా తీసి పక్కన దొంతిలో వేస్తారు. మంట ఎక్కువైతే రేకు చిల్లులు పడుతుంది, తక్కువైతే కుండకు కరుచుకుంటుంది. పిండి చిక్కబడిందా, రేకు దళసరై నాలుక మీద కరగకుండా అలాగే ఉండిపోతుంది. ఈ పనంతా ఎక్కువగా ఆడవాళ్లు ఇళ్ల దగ్గరే పొగలో కూర్చుని చేస్తారు. దుకాణంలో మనకు కనిపించేది చుట్టడం ఒక్కటే.

అంత పల్చగా, అంత పొడిగా ఉన్న రేకు గాలిలో చెమ్మ ఎంతుంటే అంతా పీల్చుకుంటుంది. గోదావరి డెల్టా గాలిలో చెమ్మకు కొదవ లేదు. అందుకే మూత సరిగా పడని పెట్టెలో రేకు మెత్తబడి సాగుతుంది, పంచదార పొడి ఉండలు కడుతుంది. ఏసీ గదిలో విప్పి ఉంచితే పెళుసెక్కి, కొరికేసరికి పొడైపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే నెయ్యి గడ్డకట్టి, తినేటప్పుడు అంగిటికి అంటుకుంటుంది, రేకు మాత్రం నోట్లో కరిగిపోతుంది. ఒకదాని వెంట ఒకటి రెండూ కరగడమే పూతరేకు గొప్పతనం, ఫ్రిజ్‌లో పోయేదే అది. పైగా నెయ్యి పక్క గిన్నెలో వాసనంతా లాగేసుకుంటుంది. నిన్నటి చేపల పులుసు పక్కన పెట్టిన పూతరేకును ఇక పూతరేకు అనలేం. తప్పనిసరై పెడితే, బయటకు తీసిన వెంటనే మూత విప్పకండి. చల్లటి రేకు మీద గాలిలో తేమ నీళ్లై పేరుకుని రేకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఓ గంట మూతతోనే బయట ఉంచి, నెయ్యి మెత్తబడ్డాక తీయాలి.

ఇళ్లలో జరిగేది అందరికీ తెలిసిందే. పెట్టె రాగానే రెండు దేవుడి దగ్గర పెడతారు, మిగతావి చుట్టాలొస్తారని బీరువాలోకి వెళతాయి. అమ్మాయి పండక్కి వస్తుంది, అల్లుడుగారికి ఇష్టం అంటూ అమ్మమ్మ తాను ముట్టుకోదు. ఆ దాపరికంలో ఉన్నది ప్రేమే, కాదనం. కానీ అల్లుడుగారు వచ్చేసరికి ఆ పెట్టెలో మిగిలేది ముక్కిన నేతి వాసన. ఇంట్లో ఉన్నవాళ్లు ఉన్నరోజే తినాలి, ముఖ్యంగా అమ్మమ్మ. వచ్చేవాళ్లకి వాళ్లు వచ్చిన రోజున కొత్తవి తెప్పించవచ్చు. పది ఉన్న పెట్టె ఒకటి కొని దాచేకంటే, మనిషికి ఒకటి చొప్పున కొని సాయంత్రానికల్లా అయిపోగొట్టడం అన్ని విధాలా లాభం.

కొనేటప్పుడు మొహమాటం వద్దు. "ఇయ్యాళ చుట్టినవేనాండీ?" అని అడగండి. "ఆయ్, ఇప్పుడే చుట్టాం, చూడండి" అంటూ పళ్లెం ముందుకు జరిపే దుకాణంలో కొనండి. మడత అంచు తెల్లగా, పొడిగా ఉండాలి. పసుపు రంగు తిరిగి, నెయ్యి ఊరి అట్టపెట్టె అడుగు తడిసి ఉంటే అది పాతదే. ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యటి నేతి వాసన రావాలి, ఏలకుల వాసన ఆ తర్వాత రావాలి. ఏలకులే ముందు గుప్పుమంటే నెయ్యి మీద అనుమానం పడాల్సిందే. శనివారాలు వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే జనంతో దారంతా కిటకిటలాడుతుంది. ఆ రద్దీకి ముందురోజే పెట్టెలు కట్టి ఉంచడం సహజం. ఆ రోజు కట్టిన పెట్టెల జోలికి పోకుండా, చుట్టే బల్ల దగ్గరే నిలబడి తీసుకోండి.

రకాల్లో మా ఓటు పంచదారకే. బెల్లం పూతరేకు రుచిలో ఒక మెట్టు పైనే ఉంటుంది కానీ, బెల్లం చెమ్మ లాగుతుంది, రేకు త్వరగా మెత్తబడుతుంది. దాన్ని పూటలోనే తినెయ్యాలి. జీడిపప్పు, బాదం వేసినవి బాగుంటాయి, పలుకు సన్నగా తరిగి ఉంటేనే. పెద్ద ముక్కలైతే రేకును చీల్చుకుని బయటకొస్తాయి. చాక్లెట్ పూతరేకు మాకు నచ్చలేదు. చాక్లెట్ జిడ్డు నోట్లో ఉండగానే రేకు వెళ్లిపోతుంది, బియ్యం వాసన తెలియదు.

కారులో పెట్టుకుని హైదరాబాదు దాకా మొయ్యడం దేనికి? ఆత్రేయపురం పక్కనే లొల్ల లాకులున్నాయి. బొబ్బర్లంక దగ్గర గోదావరి నుంచి బయల్దేరిన మధ్య డెల్టా కాలువ అక్కడికొచ్చి పాయలుగా చీలుతుంది. కాలువ గట్టున చెట్టు నీడన కూర్చుని తినడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. 2023లో ఈ పూతరేకులకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. దానికి దరఖాస్తు చేసిన తయారీదారుల సంఘం పేరులో సర్ ఆర్థర్ కాటన్ ఉన్నాడు. గోదావరి మీద ఆయన కట్టించిన ఆనకట్టతోనే ఈ కాలువకు నీళ్లొచ్చాయి, ఆ నీళ్లే ఈ సీమను వరి సీమ చేశాయి. తినే తీరు కూడా చెప్పాలి. కింద అరచెయ్యి పట్టి, అడ్డంగా చిన్న ముక్క కొరికి, నమలకుండా ఒక్క క్షణం నోరు మూసుకోండి. ముందు రేకు పోతుంది, తర్వాత పంచదార, ఆఖరికి నెయ్యి మిగులుతుంది. ఫోన్ చూస్తూ తింటే ఈ మూడూ కలిసి ఒట్టి తీపిగా గొంతు దిగిపోతాయి.

దూరాన ఉన్నవాళ్లకు పంపాలంటే, చుట్టినవాటి కంటే ఒట్టి రేకులు పంపడం మేలు. రేకులు విడిగానూ అమ్ముతారు. నెయ్యి తగలని రేకు చెమ్మ సోకకుండా డబ్బాలో ఉంటే చాలాకాలం నిలుస్తుంది. తినాలనిపించిన రోజునే చుట్టుకోవచ్చు. పది పూతరేకులకు పాతిక రేకులు, నూట యాభై గ్రాముల పంచదార, వంద గ్రాముల నెయ్యి సుమారుగా సరిపోతాయి. పంచదారను నాలుగు ఏలకులతో మిక్సీ పట్టి, జల్లించి, చల్లారనివ్వాలి. వేడి పొడి ఉండ కడుతుంది, పలుకు ఉంటే రేకు చిరుగుతుంది. నీళ్లు గట్టిగా పిండేసిన గుడ్డను రేకు మీద రెండు మూడు క్షణాలు ఆనించి తీయండి. అంతకంటే ఎక్కువ తడిస్తే ముద్దవుతుంది, తడి చాలకపోతే మడతలో విరుగుతుంది. గోరువెచ్చని నెయ్యి చెంచాడు రాసి, పొడి పలచగా చల్లి, పైన ఇంకో రేకు వేసి మళ్లీ అలాగే చెయ్యండి. పక్క అంచులు లోపలికి మడిచి, వదులుగా చుట్టండి. బిగిస్తే పొరలు అణిగిపోతాయి. మొదటి రెండూ ఎవరికైనా చిరుగుతాయి, వాటిని గిన్నెలో వేసి వేడిపాలు పోసి పిల్లలకిచ్చేయండి.