బాణాలకి పాత వేన్స్ పీకే స్ట్రిప్పర్: మూడు నెలలు వాడాక

మాది విజయవాడ. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన జ్యోతి సురేఖ మూడు గోల్డ్‌లు కొట్టింది చూసి మా పాప నాకూ విల్లు కావాలని పట్టు పట్టింది, ఇప్పుడు కాంపౌండ్ (చివర్లలో చక్రాలుండే విల్లు) వేస్తోంది, 50 మీటర్లు. విల్లు కొనిస్తే ఖర్చు అయిపోయినట్టే అనుకున్నా గానీ ఈ వేన్స్ (బాణం తోకకి అతికించే ప్లాస్టిక్ ఈకలు) గోల ఒకటి ఉంటుందని ఎవరూ చెప్పలా. బాణాలన్నీ ఒక్కచోటే పడితే ఒకదాని ప్లాస్టిక్ ఈకని ఇంకోటి చీల్చేస్తుంది, అంటే పిల్ల బాగా కొట్టేకొద్దీ నాకు పని ఎక్కువ. డజను బాణాలకి ఒక్కోదానికి మూడు, మొత్తం 36.

మొదట్లో కూరగాయల చాకుతో గీకేవాడిని. కార్బన్ షాఫ్ట్‌లో, అంటే బాణం కాడలో, చాకు దిగితే లోపలి పీచు తెగుతుంది, ఆ బాణం వదిలేటప్పుడు విరిగి చేతిలో దిగొచ్చు. ఒకటి అలాగే పాడుచేశా, అది ఇప్పుడు పెరట్లో దొండపాదుకి ఊతంగా ఉంది. కోచ్ గారు నాలుగు చీవాట్లు పెట్టి స్ట్రిప్పర్ కొనుక్కోండి సార్ అన్నారు, ఆన్‌లైన్‌లో 650 పెట్టి తెప్పించా.

చిన్న ప్లాస్టిక్ పిడి, చివర షాఫ్ట్ గుండ్రానికి సరిపోయేలా వంపు తిరిగిన స్టీల్ బ్లేడు, అంతే. వేన్ అడుగున ఆనించి, బ్లేడు బాగా వాల్చి షాఫ్ట్ వెంబడి తోస్తే టప్పున ఊడొస్తుంది, ఈ పనికి మాత్రం వంక పెట్టలేం, డజను బాణాలూ పావుగంటలో బోడి అయిపోయాయి. కానీ కొత్త బ్లేడుకి ఒక మూల అంచు చిన్న ముల్లులా లేచి ఉంది, వేలికి తగిలితేగానీ తెలీదు, మొదటి షాఫ్ట్ మీద సన్నటి గీత పడింది. సన్న ఎమరీ పేపర్ మీద నాలుగుసార్లు రుద్దాకే మళ్ళీ వాడా, మీరు కొన్నా ముందు ఆ పని చెయ్యండి.

అసలు తంటా జిగురుతోనే. వేన్ పోయినా షాఫ్ట్ మీద తెల్లటి గట్టి చార ఉండిపోతుంది, దాని మీదే కొత్తది అతికిస్తే రెండు రోజుల్లో ఊడుతుంది. ఈసారి బ్లేడు వాల్చకుండా నిలబెట్టి మనవైపు మెల్లగా లాగాలి, కరకరమంటూ సున్నం పొడిలా రాలుతుంది. అయినా మొత్తం రాదు. ప్యాకెట్ మీద మాత్రం జిగురు పూర్తిగా పోతుందని రాశాడు, నమ్మకండి.

మిగిలిందానికి మా పాప నెయిల్ పాలిష్ రిమూవర్ తెచ్చిచ్చింది, అందులో నూనె, సెంటు ఉంటాయి కదా, తుడిచిన చోట ఆ జిడ్డు అలాగే ఉండి కొత్త వేన్స్ ఆరు ఊడాయి. తర్వాత ఉత్త అసిటోన్ తెచ్చి గుడ్డకి కొంచెం అద్ది, కిటికీలు తీసిపెట్టి తుడిచా, సూపర్ గ్లూ రకం జిగురు బాగానే మెత్తబడింది. నానబెట్టొద్దు, తుడిచి వదిలెయ్యాలి, షాఫ్ట్ మీద పేరు అచ్చు కూడా పోతుంది. ఆఖర్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచాక వేలు పెట్టకూడదు, మా ఆవిడ ఏదండీ చూద్దాం అని పట్టుకుంటే మళ్ళీ తుడిచా. వేడి నీళ్ళు, హీట్ గన్ అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, కార్బన్‌కి వద్దు, వేడికి దాని పీచుని పట్టి ఉంచే రెసిన్ దెబ్బతింటుంది.

అతికించే ముందు దూది ఉండతో షాఫ్ట్ పొడుగునా రుద్దండి, ఎక్కడైనా పట్టుకుందంటే పీచు లేచినట్టే, ఆ బాణం పక్కన పడెయ్యడమే.

ఐదుకి మూడున్నర ఇస్తా. బ్లేడు మీది ఆ ముల్లుకి ఒకటి, బ్లేడుకి మూత ఇవ్వనందుకు అర తగ్గించా. కిట్ బ్యాగులో అలాగే పడేస్తే విల్లు స్ట్రింగ్ కోసేస్తుంది, నేనైతే పాత టూత్‌బ్రష్ డబ్బాలో పెడుతున్నా.