కొత్త ఎస్‌యూవీ స్టార్ట్ కావట్లేదు: సర్వీస్ సెంటరా, బయటి ఎలక్ట్రీషియనా, బ్యాటరీ మార్చేయడమా? ఏది మేలు?

సీటు కవర్ల కొత్త వాసన కూడా పోని బండి, పొద్దున్నే బటన్ నొక్కితే టిక్ టిక్ మని ఊరుకుంటుంది. అడిగితే మూడు సలహాలు వస్తాయి. ఒకరు షోరూమ్ వాళ్ల మీద పడమంటారు, ఇంకొకరు తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి చూపిస్తే అరగంటలో తేల్చేస్తాడంటారు, మూడో ఆయన ఆ బ్యాటరీ తీసి పారేసి మంచిది వేయించమంటారు. నన్నడిగితే వారంటీ ఉన్నంతకాలం సర్వీస్ సెంటరే మేలు. కాకపోతే తాళం చేతికిచ్చి వచ్చేయడం కాదు, ఆధారాలు పట్టుకుని వెళ్లాలి. మిగతా రెండు దారులూ పనికిరావని కాదు, వాటికి వేరే చోటుంది.

ఏ దారి పట్టాలన్నా ముందు బండి ఏం చేస్తోందో గమనించాలి, ఎందుకంటే 'స్టార్ట్ కావట్లేదు' అనే ఒక్క మాటలో నాలుగు వేర్వేరు జబ్బులు ఉంటాయి. టకటకా వరసగా టిక్కుమంటూ డాష్‌బోర్డ్ లైట్లు మినుకుమినుకుమంటే దాదాపుగా బ్యాటరీ దిగిపోయిందని, లేదా టర్మినల్ వదులుగా ఉందని. లైట్లు బాగానే వెలుగుతూ ఒక్కసారి 'టక్' మని ఆగిపోతే అనుమానం సెల్ఫ్ మోటార్ మీదికి, దానికి వెళ్లే కేబుల్ మీదికి, ఇంజిన్ ఎర్త్ కనెక్షన్ మీదికి పోతుంది. అసలు చప్పుడే లేకపోతే బ్యాటరీ జోలికి వెళ్లకముందు రిమోట్ కీ లోపలి చిన్న సెల్ చూడండి, బ్రేక్ తొక్కినప్పుడు వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి, ఎందుకంటే పుష్ బటన్ బండ్లలో బ్రేక్ స్విచ్ సిగ్నల్ రాకపోతే ఇంజిన్ కదలదు. ఆటోమేటిక్ అయితే గేరు న్యూట్రల్‌లో పెట్టి మళ్లీ నొక్కి చూడండి. రిమోట్ సెల్ అయిపోతే చాలా బండ్లలో ఆ కీని స్టార్ట్ బటన్‌కే ఆనించి నొక్కినా పనిచేస్తుంది, యూజర్ మాన్యువల్‌లో రాసే ఉంటుంది కానీ బండి కొన్నాక దాన్ని తెరిచే వాళ్లెవరు! ఇక సెల్ఫ్ మామూలుగా తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోకపోతే అది ఇంధనం, సెన్సర్, ఇమ్మొబిలైజర్ (అసలు కీ కాకపోతే ఇంజిన్‌ని కదలనివ్వని దొంగల కాపలా) వైపు కథ, అక్కడ కొత్త బ్యాటరీ వేసినా ఒరిగేదేమీ లేదు.

ఇక బ్యాటరీ మార్చేయడం. మూడింట్లో ఇదే అన్నిటికన్నా సులువుగా కనిపిస్తుంది, నా లెక్కలో ఇదే చివరిది. అయితే ఆ సలహా వెనక కొంత నిజం లేకపోలేదు. బండి కొత్తదైనంత మాత్రాన అందులో బ్యాటరీ తాజాగా ఉందని కాదు. తయారయ్యాక యార్డులో నెలల తరబడి నిలబడితే అలారం, లాకింగ్, కంప్యూటర్లు కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి, లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జ్ లేకుండా ఎక్కువకాలం ఉంటే లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుని దాని సత్తా శాశ్వతంగా తగ్గిపోతుంది. కాబట్టి బ్యాటరీ మీద తయారీ తేదీ చూడటం మంచిదే. కానీ బ్యాటరీ దిగిపోవడానికి అసలు కారణం వేరే చోట లీకేజీ, అంటే బండి ఆపి ఉన్నా ఏదో కరెంటు లాగుతూ ఉండటం, అయితే? లెక్క వేయండి. బండి లాక్ చేసి, కంప్యూటర్లన్నీ నిద్రపోయాక మామూలుగా తీసుకునే కరెంటు సుమారు 50 మిల్లీ యాంపియర్ల లోపే ఉండాలి, అంటే రోజుకి 1.2 యాంపియర్ అవర్లు. 60 యాంపియర్ అవర్ల బ్యాటరీలో సగం ఖాళీ కావడానికి 25 రోజులు పడుతుంది. అదే ఏదో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) అతుక్కుపోయి 500 మిల్లీ యాంపియర్లు లాగుతుంటే రెండున్నర రోజుల్లోనే సగం ఖాళీ. కొత్త బ్యాటరీ వేసినా ఇదే లెక్క, కొన్నాళ్లు ఆలస్యంగా తేలుతుంది, అంతే.

ఇంకో చిక్కు కూడా ఉంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తానే ఆగి తానే స్టార్ట్ అయ్యే స్టార్ట్ స్టాప్ సదుపాయం ఉన్న బండ్లలో, పదేపదే స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే ఏజీఎం లేదా ఈఎఫ్‌బీ రకం బ్యాటరీ ఉంటుంది, ఆ చోట మామూలుది వేస్తే తొందరగా చచ్చిపోతుంది. కొన్ని మోడళ్లలో కొత్త బ్యాటరీ వేశాక ఆ సంగతి కంప్యూటర్‌కి స్కానర్‌తో నమోదు చేయాలి, లేకపోతే పాత బ్యాటరీ అనుకునే చార్జ్ చేస్తుంది. పైగా టర్మినల్ విప్పగానే చాలా బండ్లలో కంప్యూటర్ దాచుకున్న ఫాల్ట్ కోడ్‌లు (లోపం ఎక్కడో చెప్పే గుర్తులు), ఆ క్షణపు వివరాలు చెరిగిపోయే అవకాశం ఉంది. దొంగ వచ్చివెళ్లిన గదిని పోలీసులు రాకముందే కడిగేసినట్టే.

బయటి ఎలక్ట్రీషియన్ విషయంలో నాకు గౌరవమే ఉంది. పాత బండికైతే అతన్నే ముందు పిలుస్తాను. వైరింగ్ తెలిసినవాడు క్లాంప్ మీటర్ పెట్టి, ఫ్యూజులు ఒక్కోటీ చూసుకుంటూ లీకేజీ ఎక్కడో పట్టేస్తాడు, సర్వీస్ సెంటర్‌లో అంత ఓపికగా కూర్చునేవాళ్లు తక్కువే. కానీ కొత్త ఎస్‌యూవీలో డోర్ల నుంచి డిక్కీ దాకా అన్నీ కంప్యూటర్లతో మాట్లాడుకునే వైర్లే. ఒక్క తీగ కోసి టేప్ చుట్టినా తర్వాత అసలు లోపం ఏదైనా సరే 'బయట చేయించారు కదండీ' అనే ఒక్క మాటతో వేలు మీవైపు తిరుగుతుంది. అందుకని కోయకుండా, విప్పకుండా కొలిచి చెప్పే పని మాత్రం అతనితో చేయించుకోవచ్చు. డాష్ క్యామ్, అదనపు లైట్లు, ఓబీడీ పోర్టులో (స్కానర్ తగిలించే సాకెట్‌లో) గుచ్చిన ట్రాకర్ లాంటివి మీరు పెట్టించి ఉంటే ముందు వాటినే తీయించండి. నిజం చెప్పాలంటే చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

సర్వీస్ సెంటర్‌తో అసలు తలనొప్పి వేరు. బండి అక్కడికి వెళ్లేసరికి బుద్ధిగా స్టార్ట్ అవుతుంది, సాయంత్రానికి 'ప్రాబ్లమ్ ఏం లేదు సార్' అని తాళం ఇచ్చేస్తారు. దీనికి మందు వీడియో. డాష్‌బోర్డ్ లైట్లు, సెల్ఫ్ చప్పుడు రెండూ పడేలా ఫోన్‌లో తీయండి. ఒక మామూలు మల్టీమీటర్ కొనుక్కుని రాత్రి బండి ఆపిన గంట తర్వాత ఒకసారి, పొద్దున్నే డోర్ తెరవకముందు, వీలైతే బానెట్ ముందే తీసి పెట్టుకుని, ఇంకోసారి వోల్టేజ్ చూడండి. 12.6 దరిదాపుల్లో ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం, 12 కంటే కిందికి పోతే దాదాపు అయిపోయినట్టు. రాత్రి 12.6 ఉండి తెల్లారేసరికి 12.1కి పడితే ఏదో తాగుతోందని, లేదా బ్యాటరీలోనే లోపం ఉందని చెప్పడానికి ఆ రెండు అంకెలు చాలు. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే కిందికి పోకూడదు. ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి, స్మార్ట్ ఆల్టర్నేటర్ (అవసరాన్ని బట్టి బ్యాటరీని చార్జ్ చేసేది) ఉన్న బండ్లలో మాత్రం ఇది పైకీ కిందికీ మారుతుంటుంది, దానికి కంగారు పడొద్దు.

బండి తీసుకునేటప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు ఫిర్యాదు రాసుకునే జాబ్ కార్డ్‌లో 'జనరల్ చెకప్' అని రాస్తే ఒప్పుకోవద్దు. 'రాత్రంతా ఆపితే పొద్దున స్టార్ట్ కావట్లేదు, ఫలానా తేదీల్లో జరిగింది, వీడియో ఇచ్చాం' అని రాయించి, కాపీ తీసుకోండి. బండిని ఒక రాత్రి వాళ్ల దగ్గరే ఉంచి, వాళ్ల చేతులతోనే పొద్దున స్టార్ట్ చేయమనండి. ఇంజిన్, సెల్ఫ్ మోటార్లకు ఉన్న వారంటీ బ్యాటరీకి అంతే ఉండాలని లేదు, చాలాచోట్ల బ్యాటరీకి విడిగా, తక్కువ కాలానికి ఉంటుంది, ఆ కాగితం ముందే చదువుకుంటే కౌంటర్ దగ్గర తెల్లమొహం వేయక్కర్లేదు.

ఈలోగా ఆఫీసుకి వెళ్లాలి కదా. అందుకు జంపర్ కేబుళ్ల కన్నా చిన్న జంప్ స్టార్టర్ ప్యాక్ మేలు, ఇంకో బండి కోసం ఎదురుచూడక్కర్లేదు. కేబుళ్లే వాడితే నెగటివ్ తీగని దిగిపోయిన బ్యాటరీకి కాకుండా ఇంజిన్ లోహానికో, కంపెనీ ఇచ్చిన ఎర్త్ పాయింట్‌కో పెట్టండి, చాలా బండ్లలో బ్యాటరీ నెగటివ్ దగ్గర సెన్సర్ ఉంటుంది. బ్యాటరీ ఉబ్బినా కారినా అసలు ప్రయత్నించొద్దు. తోసి స్టార్ట్ చేయడం ఆటోమేటిక్‌లో కుదరదు. జంప్ చేశాక పది నిమిషాలు తిప్పితే నిండిపోతుందనుకోవడం భ్రమ, బాగా దిగిపోయిన బ్యాటరీకి రాత్రంతా చార్జర్ పెట్టడమే మేలు.

వాళ్లు బ్యాటరీ మార్చి పంపాక మళ్లీ అదే జరిగితే మాత్రం ఇంకో బ్యాటరీకి ఒప్పుకోవద్దు. లీకేజీ ఎంతుందో కొలిచి ఆ అంకె కాగితం మీద రాసివ్వమనండి, ఇవ్వకపోతే అదే జాబ్ కార్డుల కాపీలతో నేరుగా కంపెనీకి మెయిల్ పెట్టండి.