జతకు ముందు అడ్డంకి, జత తరువాత అడ్డంకి: ఒక పోలిక

బెంగళూరులో జీవశాస్త్రం చదివే మన తెలుగు విద్యార్థులను తరచుగా తికమకపెట్టే ప్రశ్న ఇది: కొత్త జాతి ఏర్పడేటప్పుడు రెండు సమూహాలు కలిసిపోకుండా ఆపే అడ్డంకులలో ఫలదీకరణకు ముందుండేది ముఖ్యమా, తరువాత వచ్చేదా?

తొలి వానలకు ఈ నగర శివారు చెరువుగట్టున నిలబడితే మొదటిది చెవికే తెలుస్తుంది. ఒకే నీటిలో పలు జాతుల కప్పలు బెకబెకమంటున్నా, ఆడకప్ప సాధారణంగా తన జాతి మగకప్ప పిలుపు వైపే కదులుతుంది కనుక గుడ్లు వృథా కావు. రెండవదానికి మూల్యం ఎక్కువ. 64 క్రోమోజోముల గుర్రానికీ 62 క్రోమోజోముల గాడిదకూ పుట్టిన కంచరగాడిద 63తో దృఢంగానే పెరుగుతుంది, బరువులూ మోస్తుంది, కానీ దాదాపు ఎప్పుడూ గొడ్డుగానే మిగులుతుంది.

ఈ రెండవ అడ్డంకిని ప్రకృతి వరణం (మనుగడకూ సంతానానికీ తోడ్పడే లక్షణాలు తరతరాలుగా నిలిచే ప్రక్రియ) నేరుగా నిర్మించదు: విడివిడిగా బతికిన రెండు సమూహాలలో వేర్వేరు జన్యువులు మారి, సొంత సమూహంలో హాని చేయని ఆ మార్పులే సంకరంలో, అంటే ఆ రెండింటి కలయికతో పుట్టిన సంతానంలో, ఎదురుపడినప్పుడు పొసగవని జన్యుశాస్త్రవేత్తలు డోబ్జాన్‌స్కీ, ముల్లర్ వివరించారు. మొదటిది మాత్రం వరణం వల్ల పదునెక్కగలదు. డ్రోసోఫిలా అనే చిన్న పండు ఈగలపై 1989లో పరిణామ శాస్త్రవేత్తలు కోయిన్, ఆర్ ప్రచురించిన పరిశీలనలో, ఒకే ప్రాంతంలో బతికే జాతుల జంటల మధ్య జతకట్టని గుణం త్వరగా బలపడిందనీ, వేరు ప్రాంతాల జంటలలో రెండు అడ్డంకులూ ఇంచుమించు ఒకే వేగంతో పెరిగాయనీ తేలింది. అందుచేత కలిసి బతికే జాతుల విషయంలో నా మొగ్గు మొదటిదానివైపే. అయితే సంకరాలు నష్టపోయినప్పుడే వరణం ఆ పదును పెడుతుంది గనుక, రెండవదాన్ని లెక్కలోంచి తీసేయలేము.