పువ్వు ఆకారపు బండ్ట్ కేక్ గిన్నె కొనేవారికి ఒక హెచ్చరిక

క్రిస్మస్‌కు ముందు విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక పాత్రల దుకాణంలో 1,450 రూపాయలు పెట్టి కొన్న గులాబీ ఆకారపు బండ్ట్ గిన్నె నా ఇంట్లో రెండు కేకులకే పనికిరాకుండా పోయింది. అదే పెట్టె, అదే బొమ్మతో బీసెంట్ రోడ్డులోనూ కనిపించింది కనుక, ఒక్క దుకాణం గురించి కాకుండా ఆ సరుకు గురించే రాస్తున్నాను.

బండ్ట్ అనేది మధ్యలో గొట్టం, చుట్టూ లోతైన చారలు ఉండే కేకు గిన్నె. ఐరోపాలో కూగెల్‌హోప్ఫ్ అనే, మధ్యలో రంధ్రం ఉండే కేకులు చేసే బరువైన పాత్రలను అనుసరించి, అమెరికాలోని మినియాపొలిస్‌లో నార్డిక్ వేర్ సంస్థ స్థాపకుడు డేవిడ్ డాల్‌క్విస్ట్ 1950లో దానిని అల్యూమినియంతో పోత పోయించాడు. బండ్ట్ అన్న పేరు ఆ సంస్థ ట్రేడ్‌మార్కు. ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. నేను కొన్న పెట్టె మీద బండ్ట్ అని పెద్ద అక్షరాలతో ఉంది గానీ, తయారుచేసినవారి పేరు గానీ, దిగుమతి చేసినవారి చిరునామా గానీ ఎక్కడా లేదు. ఇంటికి తెచ్చి పెట్టెను నాలుగు వైపులా తిప్పి చూసినప్పుడు గానీ అది నా కంటబడలేదు.

పెట్టె మీది బొమ్మలో ఉన్నది దళసరిగా పోత పోసిన గిన్నె. లోపల ఉన్నది అచ్చుతో నొక్కిన పలుచని రేకు, దానిపై నల్లని పూత. గుంటపునుగుల పెనం కొనేటప్పుడు ఎవరైనా ముందు చేత్తో ఎత్తి బరువు చూస్తారు. నేను ఆ పని కూడా చేయకుండా, పువ్వు రేకులు ఎంత అందంగా ఉన్నాయో చూసుకుని డబ్బు కట్టేశాను. పోత గిన్నెలో లోహం దళసరిగా ఉండటం వల్ల వేడి నెమ్మదిగా, అంతటా సమానంగా పాకుతుంది. ఈ పలుచని నల్లరేకులో మాత్రం పువ్వు కొనలు మాడిపోయాయి, గొట్టం పక్కన పిండి పచ్చిగానే ఉండిపోయింది.

అంతకంటే పెద్ద మోసం కొలతలో జరిగింది. పెట్టె మీద 12 కప్పులు అని ఉంది. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు కనుక గిన్నెలో దాదాపు 2.8 లీటర్లు పట్టాలి. మొదటి కేకు పాడైన తరువాత కొలజాడీతో నీళ్లు పోసి చూస్తే 1.6 లీటర్లకే నీళ్లు పొర్లిపోయాయి, అంటే ఏడు కప్పులు కూడా లేదు. నిజానికి పిండి పోస్తున్నప్పుడే, గిన్నె నిండినా ఇంకా సగానికి దగ్గరగా పిండి మిగిలినప్పుడే, నాకు అనుమానం రావలసింది. నాలుగో వంతు ఖాళీ ఉంచాలని తెలిసి కూడా వేలెడు ఖాళీతో సరిపెట్టుకోవడం నా తప్పే. కానీ పొంగిన పిండి అంచు మీదుగా పోలేదు, గొట్టంలోకి పోయింది. ఆ గొట్టం గిన్నె అంచు కంటే పొట్టిగా ఉండటంతో పిండి దానిలోంచి ఓటీజీ (కరెంటుతో పనిచేసే చిన్న ఓవెన్) కింది కమ్మీల మీద పడి, వంటిల్లంతా పొగ కమ్మింది.

రెండోసారి పిండి తగ్గించి, కరిగించిన వెన్నను బ్రష్‌తో ప్రతి మడతలోనూ రాసి, మైదా చల్లి, కాలిన తరువాత పది నిమిషాలు ఆగి బోర్లించాను. పై సగం గిన్నెలోనే ఉండిపోయింది. చెక్క గరిటెతో మెల్లగా కదిపితే నల్లని పూత పెచ్చులుగా కేకుతోపాటు ఊడివచ్చింది. అనుమానం తీర్చుకోవడానికి మిగిలిన అదే పిండిని పాత సత్తు గిన్నెలో కాల్చాను. అది చెక్కుచెదరకుండా దిగింది.

దుకాణానికి తీసుకువెళ్తే, “వాడిన గిన్నె వాపసు తీసుకోమండీ, నెయ్యి సరిగా రాసి ఉండరు” అన్నారు. గట్టిగా అడిగితే అదే రకంలో ఇంకొకటి ఇస్తామన్నారు, నేను వద్దన్నాను. నాకిచ్చినది బిల్లు కాదు, అంకె మాత్రమే వేసిన చీటీ. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోనూ, గడువు చెప్పకపోతే 30 రోజులలోనూ వాపసు తీసుకోవడానికి నిరాకరించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. ఫోనులో చెల్లించిన రశీదు, నీళ్ల కొలత, ఊడిన పూత ఫోటోలు జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ద్వారా ఫిర్యాదు నమోదు చేశాను, ఇంకా తేలలేదు.

ఇటువంటి గిన్నె కొనదలచినవారు దుకాణంలోనే పెట్టె తెరిపించి, గిన్నెను చేతిలోకి తీసుకుని బరువు చూడండి. గొట్టం అంచుకు సమానంగానో, కాస్త ఎత్తుగానో ఉందో లేదో గమనించండి. పువ్వు రేకుల మధ్య మడతలలోకి వేలికొన దూరకపోతే అక్కడ వెన్న చేరదు, కేకు దిగదు, ఆ నమూనా ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టేయండి. మీ ఓటీజీ లోపలి ఎత్తు కొలుచుకుని వెళ్లడం కూడా మంచిది, ఎందుకంటే పొడవైన గిన్నె కొన పై కమ్మీలకు తగిలేంత దగ్గరవుతుంది. ఈ పువ్వు గిన్నె ఇప్పటికే కొన్నవారు ముందు నీళ్లు పోసి కొలవండి, అప్పటివరకు పెట్టెను పారేయకండి. నా ఫిర్యాదుకు 12 కప్పులు అన్న ఆ అట్టముక్కే ముఖ్యమైన ఆధారమైంది.